కణితి ఒకచోట, లక్షణం మరోచోట: మూత్రమార్గ క్యాన్సర్లలో అరుదైన పారానియోప్లాస్టిక్ సిండ్రోమ్‌లు, ప్రోగ్నోసిస్

గత పాఠంలో కణితి పెరగటం, పక్క కణజాలంలోకి చొచ్చుకుపోవటం, రక్తం ద్వారా, లసిక ద్వారా దూరపు అవయవాలకు చేరటం గురించి చదివారు. అక్కడ చెప్పిన లక్షణాలన్నీ కణితి ఉన్నచోటో, అది చేరినచోటో పుట్టేవి. ఈ పాఠంలో మీరు చదవబోయేవి అలాంటివి కావు. కణితి మూత్రాశయంలో ఉంటుంది. లక్షణం రక్తంలోనో, మెదడులోనో, చర్మం మీదో కనిపిస్తుంది. అక్కడ వెతికితే ఒక్క క్యాన్సర్ కణం కూడా దొరకదు.

వీటినే పారానియోప్లాస్టిక్ సిండ్రోమ్‌లు అంటారు. పేరు భయపెట్టేలా ఉన్నా అర్థం సులువే. ‘పారా’ అంటే పక్కన. ‘నియోప్లాసం’ అంటే కొత్తగా పుట్టిన కణజాలం, అంటే కణితి. కణితికి పక్కన నడిచే లక్షణాల గుంపు అని అర్థం. ఇవి రెండు దారుల్లో వస్తాయి. ఒకటి, కణితి కణాలు హార్మోన్లను, వాటిలాంటి ప్రోటీన్లను తయారుచేసి రక్తంలోకి వదలటం. రెండు, కణితి మీద యుద్ధానికి లేచిన రోగనిరోధక వ్యవస్థ పొరపాటున మన సొంత కణజాలాన్ని కొట్టటం. ఈ రెండు దారుల తేడాను బాగా గుర్తుపెట్టుకోండి. ప్రోగ్నోసిస్, అంటే జబ్బు ఇకముందు ఎలా నడుస్తుందన్న అంచనా, ఈ తేడా మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఒక కేసు

ఇది పాఠం కోసం కల్పించిన కేసు. ఇందులోని మనిషి ఎవరూ కాదు, కానీ ఇందులోని ప్రతి అంశమూ వైద్య పత్రికల్లో వచ్చిన కేసుల్లో కనిపించేదే. నేను ఉండేది లాలాపేట్‌లో, విజయ డెయిరీకి దగ్గర్లో. కాబట్టి మన రోగిని కూడా ఇక్కడివాడే అనుకుందాం.

వయసు 62. నాచారం పరిశ్రమల వాడలో ఒక చిన్న షెడ్డులో ముప్పై ఏళ్ళు ఇనుప సామానుకు రంగులు వేసే పని చేశాడు. రోజుకో కట్ట బీడీలు. నాలుగు నెలల క్రితం మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు. రెండు రోజులకు దానంతట అదే తగ్గింది. ‘వేడి చేసింది’ అనుకుని సబ్జా నీళ్ళు తాగి ఊరుకున్నాడు. ఇప్పుడు నీరసం, విపరీతమైన దాహం, మలబద్ధకం. రెండు రోజులుగా మాట తడబడుతోంది, మనవడి పేరు మరిచిపోతున్నాడు. రక్తపరీక్షలో తెల్లకణాలు ఘన మిల్లీమీటరుకు 58,000 ఉన్నాయి. మామూలుగా ఉండాల్సింది 4,000 నుంచి 11,000. ఇన్ఫెక్షన్ అని రెండు విడతలు యాంటీబయాటిక్స్ వాడారు. అంకె దిగలేదు. ‘డాక్టర్ గారూ, నాన్నకి బ్లడ్ క్యాన్సరా?’ అని కొడుకు అడుగుతున్నాడు. అదే కాగితం మీద కాల్షియం 10.4, అల్బుమిన్ 2.6 అని కూడా ఉంది. కాల్షియం 8.5 నుంచి 10.5 లోపే ఉంది కదా అని దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ముందుకు చదివే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఈ కాగితంలో మీకు ఎన్ని అనుమానాలు కనిపిస్తున్నాయో మీ నోటుబుక్కులో రాసుకోండి.

ఏది ఏ క్యాన్సర్

మూత్రపిండం లోపల మూత్రం చేరే గరాటు లాంటి భాగం నుంచి మూత్రనాళాలు, మూత్రాశయం దాకా లోపలి గోడకు ఒకే రకం పొర ఉంటుంది. దాని పేరు యూరోథీలియం. ఈ పొరలో పుట్టేవి యూరోథీలియల్ క్యాన్సర్లు. మూత్రాశయ క్యాన్సర్లలో అత్యధిక భాగం ఇవే. మూత్రపిండపు కండలో పుట్టే రీనల్ సెల్ క్యాన్సర్ దీనికి వేరు. విద్యార్థులు ఈ రెంటినీ కలిపేస్తుంటారు, అక్కడే తప్పు మొదలవుతుంది. మూత్రపిండం మామూలు రోజుల్లోనే ఎరిత్రోపోయిటిన్, రెనిన్ లాంటి పదార్థాలను తయారుచేసే అవయవం. అందుకే రీనల్ సెల్ క్యాన్సర్‌లో పారానియోప్లాస్టిక్ లక్షణాలు తరచుగా ఉంటాయి. పాఠ్యగ్రంథాలు వీటిని 10 నుంచి 40 శాతం రోగుల్లో చెబుతాయి. యూరోథీలియం పని మూత్రాన్ని ఆపి ఉంచటమే, హార్మోన్లు తయారుచేయటం కాదు. అలాంటి పొరలో పుట్టిన కణితి హార్మోన్ తయారుచేయటం మొదలుపెట్టిందంటే అది తన పుట్టుక స్వభావాన్ని చాలావరకు వదిలేసిందని అర్థం. అరుదు కావటానికీ, కనిపిస్తే మంచి సూచన కాకపోవటానికీ కారణం ఇదే.

రంగుల పని సంగతి ఊరికే చెప్పలేదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే సర్జన్ రంగుల కర్మాగార కార్మికుల్లో మూత్రాశయ కణితులను గుర్తించి 1895లో ప్రకటించాడు. ఆరోమాటిక్ అమీన్‌లు అనే రసాయనాలు కాలేయంలో మార్పు చెంది, మూత్రంలో చేరి, గంటల తరబడి ఆ పొరను తడుపుతూ ఉంటాయి. పొగాకు పొగలో ఉన్నవీ ఇవే. మన రోగికి ఆ రెండూ ఉన్నాయి.

తెల్లకణాలు 58,000

తెల్లకణాలు 50,000 దాటి, అది లుకేమియా కాకపోతే దాన్ని లుకేమాయిడ్ రియాక్షన్ అంటారు, అంటే లుకేమియాను పోలిన ప్రతిచర్య. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లోనూ ఇది రావచ్చు, కాబట్టి ముందు దాన్ని వెతకటం తప్పు కాదు. మూత్రం, రక్తం కల్చర్ చేస్తారు. రక్తపు చుక్కను స్లైడు మీద చూస్తారు. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియాలో ఉండే బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యు మార్పు కోసం పరీక్షిస్తారు. ఇవేవీ దొరక్కపోతే ప్రశ్న మారాలి: ఎముక మజ్జకు ‘ఇంకా తయారుచెయ్యి’ అని ఎవరు చెబుతున్నారు?

ఆ మాట చెప్పే ప్రోటీన్ పేరు జీ-సీఎస్‌ఎఫ్. ఇది మజ్జలో న్యూట్రోఫిల్ కణాల తయారీని పెంచుతుంది. కొన్ని యూరోథీలియల్ కణితులు దీన్ని సొంతంగా తయారుచేస్తాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని కణితి కణాల మీద జీ-సీఎస్‌ఎఫ్‌ను అందుకునే రిసెప్టర్లు కూడా ఉంటాయి. అంటే తాను వదిలిన పదార్థంతో తానే పెరుగుతుంది. ఇలాంటి కణితులు త్వరగా పెరిగి, కండర పొరలోకి చొచ్చుకుపోయిన దశలో బయటపడటం మామూలు. ప్రచురితమైన కేసుల్లో చాలామంది నెలల వ్యవధిలోనే చనిపోయారు.

హైదరాబాద్ విద్యార్థికి ఈ ప్రోటీన్ కొత్తది కాకూడదు. కీమోథెరపీ వల్ల తెల్లకణాలు పడిపోయినవాళ్ళకు ఇచ్చే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ ఇదే జీ-సీఎస్‌ఎఫ్, ప్రయోగశాలలో తయారుచేసిన రూపం. మన నగరానికి చెందిన డాక్టర్ రెడ్డీస్ దాన్ని 2001లో గ్రాఫీల్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. ఒక రోగికి ప్రాణం నిలిపే పదార్థమే మరో రోగిలో కణితి చేతి పనిముట్టు. జీ-సీఎస్‌ఎఫ్ తయారుచేసే కణితి ఉన్నవాళ్ళకు ఈ ఇంజెక్షన్ ఇవ్వాలంటే వైద్యులు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

ఈ సిండ్రోమ్‌లో ఒక ఉపయోగం కూడా ఉంది. కణితిని పూర్తిగా తీసేస్తే తెల్లకణాలు కొద్ది రోజుల్లోనే మామూలు స్థాయికి దిగుతాయి. కణితి తిరిగి వస్తే మళ్ళీ పెరుగుతాయి, ఒక్కోసారి స్కాన్‌లో ఏమీ కనిపించక ముందే. మామూలు రక్తపరీక్షే కణితికి గుర్తుగా పనిచేస్తుందన్నమాట.

దాక్కున్న కాల్షియం

ఇప్పుడు ఆ 10.4 సంగతి. రక్తంలో కాల్షియంలో దాదాపు సగం ప్రోటీన్లకు, ముఖ్యంగా అల్బుమిన్‌కు, అంటుకుని ఉంటుంది. శరీరం మీద ప్రభావం చూపేది అంటుకోని భాగం. జబ్బు చేసి అల్బుమిన్ తగ్గినప్పుడు మొత్తం కాల్షియం అంకె మామూలుగానే కనిపించినా అంటుకోని భాగం ఎక్కువగా ఉండవచ్చు. అందుకని ఒక సవరణ చేస్తాం. 4 లోంచి రోగి అల్బుమిన్‌ను తీసివేసి, వచ్చినదాన్ని 0.8తో గుణించి, కాల్షియానికి కలపాలి. మన రోగికి 4 లోంచి 2.6 పోతే 1.4. దాన్ని 0.8తో గుణిస్తే 1.12. కలిపితే 11.5. మామూలు కాదు. దాహం, మలబద్ధకం, మాట తడబాటు, మతిమరుపు అన్నింటికీ ఇదొక్కటే కారణం కావచ్చు. ‘పెద్దవయసు కదా’ అని కొట్టిపారేసే లక్షణాలే ఇవన్నీ. నేను పాఠం చెప్పిన రోజుల్లో ఈ లెక్కను పరీక్షలో తప్పకుండా అడిగేవాడిని. విసుక్కున్నవాళ్ళు చాలామందే ఉన్నారు.

కారణం చాలాసార్లు పీటీహెచ్‌ఆర్‌పీ అనే ప్రోటీన్. ఇది పారాథైరాయిడ్ హార్మోన్‌ను పోలి ఉంటుంది, దాని రిసెప్టర్‌కే అతుక్కుంటుంది, ఎముకలోంచి కాల్షియాన్ని రక్తంలోకి లాగుతుంది. దీన్ని 1987లో గుర్తించారు. పరీక్షలో అసలు పారాథైరాయిడ్ హార్మోన్ తక్కువగా, పీటీహెచ్‌ఆర్‌పీ ఎక్కువగా ఉంటుంది. అయితే క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు కూడా కాల్షియం పెరుగుతుంది కాబట్టి ఎముకల స్కాన్ కూడా అవసరం. ముందు సెలైన్, తర్వాత జోలెడ్రోనిక్ ఆమ్లం లాంటి మందులతో కాల్షియాన్ని దించవచ్చు. మనిషి తేరుకుంటాడు, మనవడి పేరు గుర్తొస్తుంది. కానీ కణితి అలాగే ఉంటే కొన్ని వారాల్లో మళ్ళీ పెరుగుతుంది. తెల్లకణాలు, కాల్షియం రెండూ కలిసి పెరిగిన కేసులు కూడా వైద్య సాహిత్యంలో ఉన్నాయి. మన రోగి ఆ కోవలోకే వస్తాడు.

ఇక్కడ ప్రోగ్నోసిస్‌కు సంబంధించిన ఒక సంగతిని విద్యార్థులు తరచుగా వదిలేస్తారు. ఎక్కువ కాల్షియం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. యూరోథీలియల్ క్యాన్సర్‌లో ముఖ్యమైన మందు సిస్‌ప్లాటిన్‌ను మూత్రపిండాలు బాగా పనిచేస్తేనే ఇవ్వగలం. అంటే ఈ సిండ్రోమ్ కణితి చెడ్డదని తెలియజేయటంతో ఆగదు, మందుకు దారి కూడా మూసేస్తుంది. కాల్షియాన్ని వారం ముందు గుర్తించటానికీ వారం తర్వాత గుర్తించటానికీ తేడా అక్కడ వస్తుంది.

కాలేయం: తొందరపడకూడని చోటు

యూరోథీలియం నుంచి కాసేపు పక్కకు వచ్చి మూత్రపిండపు కండలోని క్యాన్సర్‌ను చూద్దాం. 1961లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు స్టాఫర్ ఒక వింతను వర్ణించాడు. మూత్రపిండ క్యాన్సర్ ఉన్న రోగుల్లో కాలేయం పెరిగి, కాలేయ పరీక్షలు చెడిపోయాయి. కానీ కాలేయంలో క్యాన్సర్ లేదు. మూత్రపిండం తీసేశాక కాలేయం బాగుపడింది. దీన్నే స్టాఫర్ సిండ్రోమ్ అంటున్నాం. కణితి వదిలే ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి పదార్థాల పాత్ర ఇందులో ఉందని భావిస్తారు. యూరోథీలియల్ క్యాన్సర్‌లో ఇది బహు అరుదు.

ఇది ఎందుకు ముఖ్యమో చూడండి. కాలేయ పరీక్షలు చెడిపోయాయి కాబట్టి క్యాన్సర్ కాలేయానికి పాకేసిందని, ఇక ఆపరేషన్ దండగ అని ఎవరైనా తేల్చేస్తే, నయమయ్యే అవకాశం ఉన్న మనిషిని చేతులారా వదిలేసినట్టే. తెల్లకణాల విషయంలో ప్రమాదం తేలిగ్గా తీసుకోవటం. ఇక్కడ ప్రమాదం ఎక్కువ ఊహించుకోవటం. స్కాన్, అవసరమైతే కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష లేకుండా ‘పాకింది’ అనే మాట రోగి ఇంట్లోవాళ్ళతో అనకూడదు. ఆపరేషన్ తర్వాత కూడా కాలేయ పరీక్షలు మామూలు కాకపోతే మాత్రం ఎక్కడో కణితి మిగిలి ఉందేమోనని వెతకాలి.

నరాలు, చర్మం: రెండో దారి

రోగనిరోధక వ్యవస్థ వల్ల వచ్చేవి దీనికి భిన్నంగా నడుస్తాయి. కణితి కణాల మీద కొన్నిసార్లు మామూలుగా నరకణాల్లో మాత్రమే ఉండే ప్రోటీన్లు కనిపిస్తాయి. వాటిని పరాయివిగా భావించి రోగనిరోధక వ్యవస్థ దాడి మొదలుపెడుతుంది. దాడి కణితితో ఆగదు. అనుమస్తిష్కంలోని పర్కింజీ కణాలు నాశనమైతే మనిషి తాగినవాడిలా తూలుతాడు, గ్లాసు నోటి దగ్గరకు తీసుకెళ్ళలేడు. రక్తంలో యాంటీ-యో లాంటి ప్రతిరక్షకాలు దొరుకుతాయి. ఇవి ఎక్కువగా అండాశయ, రొమ్ము క్యాన్సర్లలో కనిపించేవే. మూత్రాశయ క్యాన్సర్‌లో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని కేసులే ఉన్నాయి. మూత్రాశయంలో అరుదుగా వచ్చే స్మాల్ సెల్ క్యాన్సర్‌లో నరాల సిండ్రోమ్‌లతో పాటు ఏసీటీహెచ్ హార్మోన్ పెరగటం, రక్తంలో సోడియం తగ్గటం కూడా నమోదయ్యాయి.

డెర్మటోమయోసైటిస్ కూడా ఈ దారిలోదే. కనురెప్పలు ఊదారంగుకు తిరుగుతాయి. వేళ్ళ కణుపుల మీద ఎర్రటి బొడిపెలు వస్తాయి. తొడల్లో, భుజాల్లో బలం పోయి, కింద కూర్చున్న మనిషి లేవలేడు. పెద్దవయసులో ఇది కొత్తగా వస్తే శరీరంలో ఎక్కడైనా క్యాన్సర్ ఉందేమో చూడటం నియమం. ఆ వెతుకులాటలో మూత్రపరీక్షను మరవకూడదు.

ఈ రకంలో కణితి చాలా చిన్నదిగా ఉన్నప్పుడే లక్షణాలు రావచ్చు, క్యాన్సర్ సంగతి నెలల తర్వాత తెలియవచ్చు. త్వరగా దొరికిన కణితికి మంచి చికిత్స ఉంటుంది. కానీ చనిపోయిన పర్కింజీ కణాలు తిరిగి పుట్టవు. క్యాన్సర్ నయమైనా మనిషి చక్రాల కుర్చీలోనే ఉండిపోవచ్చు. కాబట్టి ప్రోగ్నోసిస్ అడిగినప్పుడు రెండు ప్రశ్నలు విడిగా వేసుకోండి: కణితి ఏమవుతుంది? మనిషి ఎలా బతుకుతాడు? జీ-సీఎస్‌ఎఫ్, పీటీహెచ్‌ఆర్‌పీ సిండ్రోమ్‌లలో లక్షణం వెనక్కి మళ్ళుతుంది, కణితి మాత్రం చెడ్డది. నరాల సిండ్రోమ్‌లో చాలాసార్లు దీనికి తలకిందులు. డెర్మటోమయోసైటిస్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. కణితిని తీసేస్తే, స్టెరాయిడ్లు వాడితే బలం తిరిగి రావటం తరచుగా చూస్తాం.

అంకెలను ఎలా చదవాలి

మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు నాలుగింట మూడు వంతులు కండర పొరను తాకకముందే బయటపడతాయి. వాటి ప్రోగ్నోసిస్ మంచిదే. గొట్టం ద్వారా గీకి తీసి, అవసరమైతే లోపలికి బీసీజీ మందు ఎక్కిస్తారు. అవును, చిన్నప్పుడు మన భుజం మీద వేసిన బీసీజీయే. కెనడాకు చెందిన మొరాలెస్ 1976లో దీన్ని చూపించాడు. కండరంలోకి పోతే కథ మారుతుంది. దూరం పాకితే ఇంకా మారుతుంది.

పాకిన యూరోథీలియల్ క్యాన్సర్‌కు 1999లో బజోరిన్ బృందం రెండు ప్రశ్నలతో అంచనా వేసింది: రోగి తన పనులు తాను చేసుకోగలడా? ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకల్లో క్యాన్సర్ ఉందా? రెండూ అనుకూలంగా ఉంటే మధ్యస్థ జీవితకాలం 33 నెలలు. ఒకటి ప్రతికూలమైతే 13.4. రెండూ ప్రతికూలమైతే 9.3. ఈ లెక్కలో తెల్లకణాలు లేవు, కాల్షియం లేదు. పాకిన రీనల్ సెల్ క్యాన్సర్‌కు వాడే ఐఎండీసీ లెక్క చూడండి. ఆరు అంశాల్లో నాలుగు రక్తపరీక్షలే: హీమోగ్లోబిన్ తగ్గటం, సవరించిన కాల్షియం, న్యూట్రోఫిల్స్, ప్లేట్‌లెట్స్ పెరగటం. పారానియోప్లాస్టిక్ అని పేరు పెట్టకుండానే ఆ ప్రభావాలను రోజువారీ లెక్కలోకి తెచ్చారన్నమాట. ఒకచోట వీటిని లెక్కించి, మరోచోట వదిలేయటానికి అర్థం యూరోథీలియల్‌లో అవి ముఖ్యం కాదని కాదు. అక్కడ అవి అరుదు, లెక్క కట్టటానికి చాలినంతమంది రోగులు దొరకరు.

అందుకే మరో హెచ్చరిక. అరుదైన సిండ్రోమ్‌ల గురించి మనకున్న జ్ఞానం ఎక్కువగా ఒక్కో రోగి కథగా వచ్చింది. 58,000 తెల్లకణాలున్న రోగి గురించి వైద్యుడు పత్రికకు రాస్తాడు. 16,000 ఉన్న రోగి గురించి ఎవరూ రాయరు. అందరికంటే తీవ్రంగా ఉన్నవాళ్ళే పుస్తకాలకెక్కుతారు కాబట్టి పుస్తకంలో ప్రోగ్నోసిస్ ఉన్నదానికంటే నల్లగా కనిపించవచ్చు. పైగా ఆ కేసుల్లో చాలావరకు పాత మందుల కాలం నాటివి. 2024లో ప్రచురితమైన ఈవీ-302 అధ్యయనంలో, పాకిన యూరోథీలియల్ క్యాన్సర్‌కు ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్, పెంబ్రోలిజుమాబ్ కలిపి ఇస్తే మధ్యస్థ జీవితకాలం 31.5 నెలలకు చేరింది. పాత కీమోథెరపీతో అది 16.1 నెలలు. అయితే పెంబ్రోలిజుమాబ్ రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే మందు. నరాల సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో అది పరిస్థితిని ఇంకా దిగజార్చవచ్చు.

ఆ పాత కీమోథెరపీ వెనుక మన భీమవరం పేరొకటి ఉంది. 1985లో న్యూయార్క్‌లో ఎం-వ్యాక్ అనే నాలుగు మందుల కలయికను మూత్రమార్గ క్యాన్సర్‌కు ప్రవేశపెట్టారు. అందులో మొదటి మందు మెథోట్రెక్సేట్. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన రూపంతో కణాన్ని మోసగించి, డీఎన్‌ఏ తయారీని ఆపే మందు ఇది. ఈ కుటుంబపు మందులు యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనకు నాయకత్వం వహించిన లెడర్లీ సంస్థ ప్రయోగశాలల నుంచి వచ్చాయి. ఆయన పుట్టింది 1895లో, రేన్ మూత్రాశయ కణితుల గురించి ప్రకటించిన ఏడాదే. 1948లో పోయారు. తర్వాతి కాలంలో ఎం-వ్యాక్‌ను తక్కువ విరామంతో ఇవ్వటానికి తోడుగా వచ్చింది జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షనే.

మన రోగి దగ్గరకు తిరిగి వద్దాం. స్కాన్‌లో మూత్రాశయ గోడలో పెద్ద కణితి కనిపించింది. కల్చర్లలో ఏమీ లేదు, బీసీఆర్-ఏబీఎల్ లేదు. కాల్షియం దించాక మాట స్పష్టమైంది. మూత్రపిండాలు బాగానే పనిచేస్తున్నాయి. కణితి కండరంలోకి పోయింది, కానీ దూరం పాకలేదు. కొడుకు అడిగిన ప్రశ్నకు సమాధానం ‘బ్లడ్ క్యాన్సర్ కాదు బాబూ, మూత్రాశయంలో ఉన్న గడ్డే రక్తాన్ని ఇలా మార్చింది. గడ్డ దూకుడైనదే, కానీ ఇంకా ఒకేచోట ఉంది, ఆపరేషన్‌కు వీలుంది’ అని. మూత్రాశయాన్ని తీసేశారు. వారం తర్వాత తెల్లకణాలు 9,200. మొదటి నెలలో 8,600. రెండో నెలలో 9,000. మూడో నెలలో 14,500. జ్వరం లేదు, మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదు, మనిషి హుషారుగా ఉన్నాడు. తర్వాతి స్కాన్ ఆరో నెలలో అని చీటీలో రాసి ఉంది. ఆ తేదీని మీరైతే అలాగే ఉంచుతారా, మారుస్తారా? ఎందుకో ఐదు వాక్యాల్లో రాయండి. సమాధానం పుస్తకం చివర వెతకనక్కరలేదు, జీ-సీఎస్‌ఎఫ్ గురించి చెప్పిన భాగంలోనే ఉంది.